కార్డు మీది ముఖం

చిరంజీవి పెద్దమ్మాయికి అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అందరం కులాసా. ఆ మాట రాశాక చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. అందరం అంటే ఎవరని, నేనూ నా మోకాలూ. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, పెద్దాడూ, చంటిదీ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ రెండు వరుసలు రాసి చింపేశాను. నువ్వేమో అక్కడ, అమ్మకి ఏమైందో, మెట్ల మీద పడిందో అనుకుంటూ ఉంటావు. అది తలుచుకుని నాకు మళ్ళీ దిగులు. ఈసారి ఏం రాసినా చింపకూడదని కలం పట్టాను. నా అక్షరాలు ఒక్కొక్కటీ ఒక్కో దిక్కు చూస్తుంటాయి, కూడబలుక్కుని చదువుకో. ఫోను ఉండగా ఇదెందుకంటావేమో. ఫోనులో నువ్వు "ఏంటమ్మా, గొంతు అలా ఉందేం?" అంటావు, నేను "ఏం లేదులే, తిన్నావా?" అంటాను. అక్కడితో సరి. ఇన్నేళ్ళూ అలాగే సరిపెట్టుకొచ్చాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. మోకాలికి డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నాను. వేసుకోవడం లేదని నీ అనుమానం, నాకు తెలుసు. వేసుకుంటున్నాను. గ్యాసు కట్టేసి, కట్టేశానో లేదో అని మళ్ళీ వెళ్ళి చూసి, ఆ తర్వాతే తలుపు తాళం వేస్తున్నాను. వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చి చూసిన రోజులూ ఉన్నాయి. నా మోకాలి నొప్పికి సగం కారణం అదేనని పక్కింటామె అంటుంది.

చంటిదాని నడినెత్తి మెత్తగా కొట్టుకుంటోందని, తల తుడవాలంటేనే భయమేస్తోందని రాశావు. తల ఒకపక్క కాస్త చదునుగా ఉందనీ రాశావు. ఆ రెండు మాటలూ చదివి రెండు రోజులు నాకు కంటి మీద కునుకు లేదు. తర్వాత ధైర్యం చేసి బొమ్మలమ్మాయిని అడిగాను. ఆ అమ్మాయి ఎవరో కింద రాస్తాను. పుట్టిన బిడ్డకి పుర్రె ఒక్కటిగా ఉండదట. విడివిడి పలకలుగా ఉంటుందట. పలకల మధ్య సందుల్లో గట్టి పొర ఒకటి పరిచి ఉంటుందట. బిడ్డ బయటికి వచ్చేటప్పుడు ఆ పలకలు ఒకదాని మీదికి ఒకటి జరిగి దారిస్తాయట. ఆ తర్వాత లోపల మెదడు పెరిగినకొద్దీ ఎడంగా జరిగి చోటిస్తాయట. వెనక సందు రెండు మూడు నెలల్లో మూసుకుంటుంది, ముందుది ఏడాదిన్నరకి అటూ ఇటూగా మూసుకుంటుంది అంది. అక్కడ కొట్టుకునేది గుండె చప్పుడే, భయం లేదు, మెత్తగా తుడవచ్చు అంది. ఉబ్బినట్టున్నా, లోతుగా గుంట పడ్డా మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మంది. చదును సంగతికి, మెలకువగా ఉన్నప్పుడు నువ్వు పక్కనుండి కాసేపు బోర్లా పడుకోబెట్టమంది, తల ఎప్పుడూ ఒకే వైపు తిప్పుకోకుండా చూడమంది. అయినా ఒకసారి డాక్టరుకి చూపించు. చూపించి నాకు రాయి. రాయకపోతే నేను ఉండలేను.

పెద్దాడి గురించి నువ్వు రాసింది చదివి మాత్రం చాలా నవ్వుకున్నాను. హాస్టలు నుంచి సెలవులకి వస్తే "ముక్కు ముందు దిగింది, వాడు వెనక దిగాడు" అని రాశావు. పదమూడేళ్ళకి అంతే. వాడి ముఖాన్ని వాడికే ఇంకా అప్పజెప్పలేదు. ముక్కూ దవడా ముందు పరిగెత్తుతాయి, తక్కినవి తీరిగ్గా వస్తాయి. అద్దం ముందు ఎక్కువసేపు నిలబడుతున్నాడని తిట్టకు. పాపం, వాడూ చూసుకోవాలి కదా ఎవరొచ్చారో.

నీ దగ్గరికి వచ్చి ఉండిపొమ్మని మళ్ళీ రాశావు. మిల్లు మూతపడి, ఈ గదుల వరుసలో సగం ఖాళీ అయినా నేను కదలనని నీకు కోపం. మీ చెల్లి కోసం వేసిన పోస్టరు మీద అచ్చేసింది ఈ గది నంబరు. అందుకని కదలను. ఇంతకు ముందు కూడా ఈ మాట చెప్పాను. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక నన్ను రమ్మంటావో లేదో కూడా నాకు తెలియదు.

ఆఖరున అడిగావు: "బొమ్మ వచ్చిందా అమ్మా? బొమ్మలో కూడా చెల్లి నాలాగే ఉందా?"

దానికి జవాబు చెప్పాలనే ఇంత కాగితం ముందేసుకున్నాను.

వచ్చే నెలకి మన పిచ్చుక తప్పిపోయి ఇరవై తొమ్మిదేళ్ళు. మూడేళ్ళ పిల్ల, మిల్లులో పిల్లల గదిలోంచి పోయింది. ఉంటే ఇప్పుడు ముప్పై రెండు. పోలీసు వాళ్ళు పాత కేసులు బయటికి తీస్తున్నారనీ, చిన్నప్పటి ఫొటో చూసి పెద్దయ్యాక ఎలా ఉంటారో గీసే మనిషి వచ్చిందనీ కబురు పంపారని నీకు రాశాను కదా. ఆవిడే బొమ్మలమ్మాయి. అమ్మాయి అంటున్నాను గాని ఆఫీసరే. నీకంటే చిన్నది. కురచ జుట్టు, వేళ్ళకి ఎప్పుడూ పెన్సిలు మసి.

ఆ గది పైఅంతస్తులో ఉంది. పదిహేడు మెట్లు. ఇంతకు ముందు పాత కాగితాలు పడేసిన గదిలా ఉంది, గోడల మీద బీరువాలు తీసేసిన మచ్చలు అలాగే ఉన్నాయి. ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, నాకు కూర్చోవడానికి ఒక స్టూలు. స్టూలు ఊగకుండా ఒక కాలి కింద అట్టముక్క మడిచి పెట్టారు. కిటికీ పక్కన చెక్క అలమర మీద ఐదు పుర్రెలు వరసగా ఉన్నాయి. చూడగానే నా కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి.

"భయపడకండమ్మా, ప్లాస్టరుతో పోసినవి. ఎవరివీ కావు" అంది.

"ఎవరివో ఒకరివి కాకపోతే అచ్చు ఎక్కడిదమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి నావైపు చూసి, "మీరు ప్లీడరు కావాల్సినవారు" అని నవ్వి, బిస్కెట్ల పొట్లం ముందుకు తోసింది.

నాకు అర్థమయ్యేదాకా ఓపిగ్గా చెప్పింది, నేను నీకు నాకొచ్చినట్టు చెబుతున్నాను. ఆ ఐదూ పుట్టిన బిడ్డది, మూడేళ్ళది, ఆరేళ్ళది, పన్నెండేళ్ళది, పెద్దమనిషిది. మొదటిదాన్ని నా చేతిలో పెట్టింది. అంతా తలే. ముఖం ఎక్కడో అడుగున, బొటనవేలు అడ్డం పెడితే సగం మూసుకుపోయేంత. దవడ ఉందా లేదా అన్నట్టు ఉంది, అది కూడా మధ్యలో అతుకుతో రెండు ముక్కలు. పుర్రె మొత్తం ఎనిమిది పాళ్ళనుకుంటే అందులో ముఖం ఒక్క పాలు అంది. పెద్దమనిషికొచ్చేసరికి పైన ఎంతో కింద దాదాపు సగం ఉంది. కళ్ళ గుంటలు మాత్రం ముందే పెద్దవైపోతాయట, పిల్లలందరికీ కళ్ళు పెద్దగా కనబడేది అందుకేనట.

మూడేళ్ళదాన్ని తీసి, "చూడండి, తల ఇప్పటికే చాలావరకు పెరిగిపోయింది, ముఖం మాత్రం ఇంకా మొదలే పెట్టలేదు" అంది. ఆ తర్వాత ముఖం కిందికీ ముందుకీ దిగుతుందట, బల్ల సొరుగు మెల్లిగా లాగినట్టు. ముక్కుదూలం లేస్తుంది, బుగ్గల వెనక ఎముకలో గాలి గదులు పెరుగుతాయి, పళ్ళకి చోటు కావాలని దవడ పొడుగవుతుంది. ఆరేళ్ళదానికి దవడ ఒకపక్క కోసి లోపల కనబడేట్టు చేశారు. పైన పాలపళ్ళు, వాటి వేళ్ళ కింద ఎముకలో అసలు పళ్ళు అన్నీ తయారై ఉన్నాయి. వంతు కోసం నిలబడ్డట్టు. నీకు ఆరేళ్ళప్పుడు నవ్వుతుంటే ముందు పన్ను లేక నాలిక కనబడేది. ఆ నవ్వు వెనకాల అన్నన్ని పళ్ళు ఎదురుచూస్తున్నాయని అప్పుడు నాకేం తెలుసు?

ఆడపిల్లలకి పదహారు పదిహేడు ఏళ్ళకి ముఖం ఒక కొలిక్కి వస్తుందట, మగపిల్లలకి ఇంకాస్త ఆలస్యం. "మరి నా సంగతేంటమ్మా?" అంటే, పళ్ళు పోతే ఆ దవడ ఎముక మళ్ళీ కరుగుతుంది అంది. అదీ సంగతి. నా గడ్డం ముక్కుని పలకరించడానికి పైకి ఎందుకు వస్తోందో ఇప్పుడు తెలిసింది.

ఆ అమ్మాయి నన్ను మూడు అడిగింది. పిల్లల గది కార్డు మీది ఫొటో, అది పోలీసు కాగితాల్లో ఉంది. నాదీ మీ నాన్నదీ వయసులో ఉన్నప్పటి ఫొటోలు, అవి ఇచ్చాను. మూడోది, "అక్క ఉంది కదా, ఆవిడవి చిన్నప్పటి నుంచి ఇప్పటిదాకా ఉన్న ఫొటోలు తెండి. ఒకే ఇంట్లో ఎముక ఎలా ఎదుగుతుందో అక్కని చూస్తే తెలుస్తుంది" అంది.

నేను, వానకి తడిసి పాడైపోయాయన్నాను.

నీ ఫొటోలన్నీ మంచం కింద రేకు డబ్బాలో ఉన్నాయి. ఒక్కటీ తడవలేదు.

మూడోసారి వెళ్ళినప్పుడు బొమ్మ అయిపోయిందంది. గీయడానికి తొమ్మిది రోజులు పట్టిందట. మీ నాన్న దవడ వెడల్పు తీసుకుని, నా ముక్కు తీసుకుని, కార్డు ఫొటోలో కళ్ళ మధ్య దూరం కొలిచి, చెవి ఆకారం అలాగే ఉంచి ఒక్కో ఏడూ పెంచుకుంటూ వచ్చానంది. చెప్పేటప్పుడు ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. తర్వాత తెర నావైపు తిప్పింది.

తెర మీద నువ్వున్నావు.

జుట్టు వేరేగా దువ్వింది, అంతే. ఆ ఎడమ కనుబొమ్మ కాస్త పైకి లేచి ఉండటం, ఆ చెవి తమ్మె, ఆ గడ్డం, అచ్చంగా నువ్వు. నిన్ను ఎప్పుడూ చూడని మనిషి, నీ ఫొటో ఒక్కటీ చూడని మనిషి, మూడేళ్ళ ముఖంలోంచి ముప్పై రెండేళ్ళ నిన్ను బయటికి లాగి కూర్చోబెట్టింది. స్టూలు మీంచి పడబోతే పట్టుకుని నీళ్ళు తాగించింది. "చాలామంది తల్లులు ఇలాగే అయిపోతారమ్మా" అంది. సోమవారం నాడు అన్ని ఊళ్ళకీ పంపిస్తామంది. నేను తలూపి లేచి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే అక్కడి మీసాల కానిస్టేబులు ఒకతను నా రెక్క పట్టుకుని, "ముఖం ఇంత బాగా వచ్చాక ఎందుకు దొరకదులేమ్మా" అన్నాడు.

పెద్దమ్మాయ్, ఇప్పుడు చెప్పేది కాస్త కూర్చుని చదువు. చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఉంటే పక్కన పడుకోబెట్టు.

ఆ కార్డు మీది ఫొటో పిచ్చుకది కాదు. నీది.

మిల్లులో పిల్లల గదికి కార్డు ఉండేది నీకు గుర్తుందా, అట్ట కార్డు, మూలన ఫొటో అంటించి. నీకు మూడేళ్ళప్పుడు ఫొటోవాడు మిల్లుకొచ్చి తీశాడు. ఆ గళ్ళ గౌను వేసుకుని ఉంటావు. నువ్వు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక ఆ కార్డు పని అయిపోయింది. పిచ్చుకని చేర్పించే వేళకి ఫొటోవాడు ఏడాదికి ఒక్కసారే వస్తున్నాడు. వాడొచ్చిన రోజు దానికి ఒళ్ళు కాలిపోతోంది జ్వరంతో. కార్డు లేకపోతే పిల్లని లోపలికి రానివ్వరు, నేను నూలు కండెల దగ్గర పనికి నిలబడటానికి లేదు. పిల్లల గది ఆయా, ఆవిడ మంచిదే, ఇప్పుడు లేదు, "పెద్దదాని కార్డే ఉందిగా, పేరు కొట్టేసి చిన్నదాని పేరు రాస్తా. ఈ వయసులో పిల్లలందరికీ ఒకటే ముఖం, ఎవడు చూడొచ్చాడు?" అంది. మా వరుసలో నలుగురైదుగురు తల్లులం అలాగే చేశాం. అక్క కార్డు చెల్లికి, అన్న కార్డు తమ్ముడికి. పెద్దదాని గౌను చిన్నదానికి వేసినట్టే కార్డూ వాడుకున్నాం. పిచ్చుక కూడా ఆ గళ్ళ గౌనే వేసుకునేది.

షిఫ్టు మారే సైరను మోగింది. ఆయా పాలు కాచడానికి పక్కగదిలోకి వెళ్ళింది. దూది తుక్కు తీసుకుపోయే బండి కోసం వెనక తలుపు తీసి ఉంచారు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి తక్కిన పిల్లలందరూ ఉన్నారు.

పోలీసులు వచ్చి ఆయా పెట్టెలోంచి కార్డు వాళ్ళే తీసుకున్నారు. నేను ఇవ్వలేదు. కాని నా కళ్ళ ముందే తీసుకున్నారు, నేను చూస్తూ నిలబడ్డాను. ఆయా నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరికీ పనులు పోతాయి, ఇంకో నలుగురివీ పోతాయి. రేపు పొద్దున దొరికేస్తుంది కదా, దొరికాక ఈ ఫొటో ఎవడిక్కావాలి అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానమ్మా. ఒక్కరోజు కోసం ఊరుకున్నాను. మర్నాడు చెబితే నిన్న ఎందుకు చెప్పలేదంటారు. వారం పోయాక చెబితే వారం ఎందుకు ఆగావంటారు. నెల పోయాక ఇక నోరు లేవలేదు.

మిల్లు గేటు పక్క గోడ మీద పోస్టరు అంటించిన పొద్దున నువ్వు నా చెయ్యి పట్టుకుని ఉన్నావు. బడికి దిగబెట్టడానికి తీసుకెళ్తున్నాను. నువ్వు ఆగి చూశావు.

"అమ్మా, అది నేను కదా. నేను ఇక్కడే ఉన్నాను కదా. నన్నెందుకు వెతుకుతున్నారు?"

చుట్టూ జనం ఉన్నారు. నీ చెంప మీద కొట్టాను. అంత గట్టిగా కొట్టాలని అనుకోలేదు. "అది నీ చెల్లెలు. ఏమని చెప్పాను?" అన్నాను. నువ్వు చెంప పట్టుకుని, "చెల్లెలు" అన్నావు. తర్వాత బడిలో పిల్లలు, నీ బొమ్మ గోడ మీద పడిందే అని ఏడిపిస్తే, నువ్వే వాళ్ళకి చెప్పావు, కాదు అది మా చెల్లి అని. పదేళ్ళకి వచ్చేసరికి నాతోనే అనేదానివి, "చెల్లి అచ్చం నాలాగే ఉండేది కదమ్మా" అని. నేను అవునన్నాను. మొన్నటి ఉత్తరంలో కూడా అదే మాట రాశావు. ఆ మాట నీది కాదు. నేను కొట్టి నేర్పించాను.

మీ నాన్న సంగతీ చెప్పాలి. ఆయన లారీ మీద ఉండి మూడు నాలుగు నెలలకోసారి వచ్చేవారు. వచ్చినప్పుడల్లా మీ ఇద్దరి ముఖాలూ మారిపోయి ఉండేవి. ఇది ఎవరు, అది ఎవరు అని పరాచికాలాడేవారు. అందుకని ఫొటో చూసి ఆయన నమ్మారు. లారీ అద్దానికి లోపలి వైపున అంటించుకుని పదకొండేళ్ళు తిరిగారు. పిచ్చుక పోయిన ఏడే ఒకసారి ఇంటికొచ్చి చెప్పారు. ఎక్కడో దూరాన ఒక పెట్రోలు బంకు దగ్గర ఒకామె చెయ్యి పట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉందట. నవ్వు చూసి లారీ ఆపేసి దిగారట. "నవ్వు మన పిచ్చుకదేనే. పరుగున వెళ్ళి ఫొటో తెచ్చి పక్కన పెట్టి చూశాను. ముఖం కలవలేదు. నుదురు వేరు, కళ్ళు వేరు. ఊరికే ఆశపడ్డాను" అన్నారు. అని చెయ్యి కడుక్కుని లేచారు.

నేను ఆయన కంచం తీసి కడిగాను. అంతే చేశాను. ఆ బంకు ఎక్కడని కూడా అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతారు. ఆ పిల్ల మన పిల్ల కాకపోవచ్చు. కాదనే అనుకోవాలని ఎంత ప్రయత్నించానో. ఆయన తన కళ్ళని కాదని ఆ ఫొటోని నమ్మారు. ఆ ఫొటో నేనిచ్చిందే, చేత్తో ఇవ్వకపోయినా. ఆయన పోయేదాకా చెప్పలేదు.

బొమ్మ చూసి వచ్చిన మర్నాడు పొద్దున్నే మంచం కింద రేకు డబ్బా తీసుకుని పదిహేడు మెట్లూ ఎక్కాను. సోమవారానికి ఇంకా నాలుగు రోజులుంది. బల్ల మీద నీ ఫొటోలన్నీ కుమ్మరించాను. ఆ అమ్మాయి ఆశపడి వరసగా పేర్చింది. నాలుగేళ్ళది, బడి ఫొటో, పదో తరగతి, నీ పెళ్ళప్పటిది. చివరికి తన బొమ్మ కాగితం తెచ్చి నీ పెళ్ళి ఫొటో పక్కన పెట్టి, చెయ్యి అక్కడే ఆపేసింది. తర్వాత కార్డు ఫొటో మీద వేలు పెట్టింది.

"ఇది ఎవరమ్మా?"

"పెద్దది."

"ఇది?"

"అదీ పెద్దదే."

"మరి చిన్నపాప ఏది?"

"ఏ ఫొటోలోనూ లేదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండును. అటు తిరిగే "ఇరవై తొమ్మిదేళ్ళమ్మా" అంది.

కానిస్టేబులుని పిలిచి నేను చెప్పిందంతా రాయించింది. వేలిముద్ర వద్దు, సంతకమే పెడతానన్నాను. జైల్లో పెడతారా అని అతన్ని అడిగాను. "మా లాకప్ తలుపుకి గడియే సరిగా పడదమ్మా, మిమ్మల్ని ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు. నవ్వించాలని అన్నాడు. నవ్వు రాలేదు ఎవరికీ.

తర్వాత ఆ అమ్మాయి తెర మీది బొమ్మ తీసేసి, తెల్ల కాగితం ముందేసుకుని పెన్సిలు పట్టుకుంది. "మీ ఆయా చెప్పింది సగం నిజమేనమ్మా. ఆ వయసులో ముఖం ఇంకా కుదురుకోదు కాబట్టి పిల్లలందరూ ఒకేలా కనబడతారు. కాని తేడా అప్పటికే ఎముకలో రాసి ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అదే పైకి తేలుతుంది. చెప్పండి. తల గుండ్రమా, పొడుగా? కళ్ళ మధ్య ఎడం ఎక్కువా? చెవి తమ్మె వేలాడేదా, అతుక్కుని ఉండేదా? ముందు పళ్ళ మధ్య సందు ఉండేదా?"

నేను నోరు తెరిచాను.

పెద్దమ్మాయ్, ఏమీ రాలేదు. కళ్ళు మూసుకుంటే గళ్ళ గౌను వస్తోంది, దాని పైన నీ ముఖం వస్తోంది. ఎటు తిరిగినా కార్డు మీది ముఖమే. ఇన్నేళ్ళూ ఆ ఫొటో చూసి ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి దాన్నే పిచ్చుకని చేసేసుకున్నాను. ఎవరో ఎత్తుకుపోయింది ఒకసారి. వాళ్ళు పిల్లని తీసుకుపోయారు, ముఖం నాకే వదిలి పెట్టారు. ఆ ముఖాన్ని పోగొట్టింది నేను. ఇది నేను మీ నాన్నకి చెప్పని దానికంటే పెద్ద తప్పు. ఇది మాత్రం ఆ అమ్మాయికి చెప్పేదాకా నాకూ తెలియదు.

ఆ అమ్మాయి పెన్సిలు కింద పెట్టింది. అలమర మీంచి మూడేళ్ళ పుర్రె తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "చూడొద్దు. కళ్ళు మూసుకుని, తల కడిగేటప్పుడు ఎలా పట్టుకునేవారో అలా పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. కాసేపటికి చెయ్యి దానంతటదే వెనక్కి జరిగింది. "ఇక్కడ ఇంకా ఉండాలి. ఇంకా వెనక్కి. నా అరచెయ్యి నిండిపోయేది, ఇది నిండటం లేదు" అన్నాను. కణతల దగ్గర ఇది వెడల్పు ఎక్కువైంది, దానిది సన్నం అన్నాను. వెనక, కాస్త కుడికి, చిన్న గట్టు ఒకటి తగిలేది నా ఉంగరం వేలికి. అదీ చెప్పాను. ఆ అమ్మాయి మైనపు ముద్ద లాంటిది తెచ్చి పుర్రె వెనక అద్దుతూ, ఇంతా, ఇంకానా అని అడుగుతూ పోయింది. ఒకచోట "చాలు" అన్నాను. అన్నాక నా చేతిలో ఉన్నది పిచ్చుక తల.

ఎంతసేపు పట్టుకుని కూర్చున్నానో నాకు తెలియదు. బలవంతంగా తీసుకోవలసి వచ్చింది ఆ అమ్మాయికి.

తల వచ్చింది, ముఖం లేదు. నా చేతులకి తెలిసింది అంతవరకే. "ఇంకెవరు చూశారమ్మా పాపని దగ్గర నుంచి?" అని అడిగింది. ఆయా లేదు. మీ నాన్న లేరు. నువ్వున్నావు. నీ చంక దిగేది కాదు అది. ముక్కు ముక్కు రాసుకునేవారు, దాని నోట్లో వేలు పెట్టి పళ్ళు లెక్కపెట్టి కరిపించుకుని ఏడ్చేదానివి. బడి నుంచి వచ్చిన దగ్గర్నుంచి పడుకునేదాకా, ఆదివారాలతో సహా, నువ్వే దాని ముఖం చూశావు.

నీకు తెలుసో లేదో నాకు తెలియదు. నీ చెంప మీద కొట్టి నేను చెరిపేసి ఉండవచ్చు. కాని ఆ పొద్దున గోడ ముందు నిలబడి, అది చెల్లి కాదని చెప్పింది నువ్వొక్కదానివే. అంత జనంలో నీకొక్కదానికే తెలిసింది. ఆ ఆరేళ్ళ పిల్ల నీలో ఇంకా ఎక్కడైనా ఉంటే, దాన్ని అడుగు. నేను మాట్లాడించకుండా చేశాను, నువ్వు మాట్లాడించు.

ఇరవయ్యో తారీకు దాకా ఊళ్ళకి ఏదీ పంపకుండా ఆపుతానంది ఆ అమ్మాయి. నువ్వు వస్తే ఎదురుగా కూర్చోబెట్టుకుని గీస్తానంది. చంటిదానితో ప్రయాణం, నాకు తెలుసు, రమ్మనడానికి కూడా నోరు లేదు నాకు. రాలేకపోతే రాసి పంపు. చెవి ఒక్కటి గుర్తొచ్చినా చెవే రాయి. నీకూ నీ ముఖమే కనబడుతుంటే అదీ దాచకుండా రాయి, నా మీద జాలిపడి ఏదీ కల్పించకు. కల్పించిన ముఖంతో ఒకసారి వెతికాం, చాలు.

నన్ను తిట్టాలని ఉంటుంది. తిట్టు. అవి నాకు రావలసినవే. కాని కాగితం తీసుకున్నాక ముందు దాని ముఖం రాయి. తిట్లు వెనక పేజీలో రాయి.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ